పాత కారు నాడి: ఇంజన్ నూనె పీడనాన్ని చదవడం ఎలా?

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని తెలుగువారి సామెత. ఇరుసుకు కందెన పూయకుండా ఎద్దుల బండిని తోలితే ఆ కిర్రుమనే చప్పుడు ఊరి పొలిమేర దాటి వినిపించేది. బండివాని నిర్లక్ష్యాన్ని ఆ చప్పుడే పదిమందికీ చాటి చెప్పేది. ఎద్దుల బండి ఇరుసు నెమ్మదిగా తిరుగుతుంది కనుక ఆ హెచ్చరిక విన్న తరువాత బండిని ఆపి కందెన వేసినా పెద్దగా నష్టం ఉండదు. మోటారు కారు విషయం అలా కాదు. నిమిషానికి 3,000 సార్లు తిరిగే ఇంజన్‌లో నూనె అందక చప్పుడు పుట్టిందంటే, అది హెచ్చరిక కాదు. జరిగిపోయిన నష్టానికి ప్రకటన. అందువలన చప్పుడు రాకముందే స్థితిని తెలిపే సాధనం ఒకటి అవసరమయింది. పాత కార్ల డ్యాష్‌బోర్డు మీద కనిపించే చిన్న గుండ్రని ఆయిల్ ప్రెజర్ గేజి అటువంటి సాధనం.

కువైట్‌లో నివసించే తెలుగు కుటుంబాలకు ఈ విషయం రెండు విధాల సన్నిహితమైనది. మొదటిది, ఇది చమురు మీద నిలబడిన దేశం. 1938లో బుర్గాన్‌లో చమురు కనుగొనబడింది. 1946 జూన్ 30న మొదటి ఎగుమతి ఓడ బయలుదేరింది. అంతకు ఎంతో ముందే, 1912లో, పాలకుడైన షేక్ ముబారక్‌కు బహుమతిగా వచ్చిన బెల్జియం దేశపు మినర్వా, ఈ నేల మీద నడిచిన మొదటి కారని చెబుతారు. చమురు సంపద పెరిగిన తరువాత అమెరికా, జర్మనీ, బ్రిటన్ దేశాల కార్లు విరివిగా వచ్చాయి. వాటిలో కొన్నింటిని ఇక్కడి కుటుంబాలు తాతల నాటి జ్ఞాపకాలుగా నేటికీ భద్రపరచుకుంటున్నాయి. రెండవది, పూర్వపు కడప, చిత్తూరు, ఉభయ గోదావరి జిల్లాల నుండి వచ్చినవారిలో ఎందరో ఇక్కడి ఇండ్లలో డ్రైవర్లుగా, షువైఖ్ పారిశ్రామిక వాడలోని గ్యారేజీలలో మెకానిక్కులుగా జీవనం సాగిస్తున్నారు. కఫీలు ఇంటి పాత కారు తాళంచెవి చేతికి వచ్చిన డ్రైవరుకు ఆ గేజిలోని ముల్లు చెప్పే మాట అర్థం కాకపోతే, ఒక్క ప్రయాణంలో ఇంజన్ పోవచ్చు. ఆ నింద తన మీద పడవచ్చు. కావున ఈ ముల్లు భాషను నేర్చుకోవడం కేవలం వినోదం కాదు.

నూనె పొర ఎలా నిలబడుతుంది?

ఇంజన్‌లో క్రాంక్ షాఫ్టు అనే బలమైన ఉక్కు దండం బేరింగుల నడుమ తిరుగుతుంది. షాఫ్టుకు, బేరింగుకు మధ్య ఉండే సందు సాధారణంగా 0.025 నుండి 0.075 మిల్లీమీటర్ల వరకు మాత్రమే ఉంటుంది. అంటే తల వెంట్రుక మందానికి సమానం, లేదా అంతకంటె తక్కువ. ఆ సందులో నూనె పొర ఉన్నంతవరకు ఇనుము ఇనుమును తాకదు. పొర చెదిరితే మెత్తని బేరింగు లోహం అరుగుతుంది, వేడెక్కుతుంది, చివరకు కరుగుతుంది. పాత ఇంజన్లలో వాడిన తగరపు మిశ్రమ లోహం, అనగా బాబిట్ లోహం, సుమారు 240 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరగడం మొదలుపెడుతుంది.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉన్నది. పంపు నుండి వచ్చే పీడనమే షాఫ్టును పైకి ఎత్తి పట్టుకుంటుందని వారు భావిస్తారు. ఇది సరి కాదని 1883లోనే తేలింది. బ్రిటన్‌లో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, నూనె పోయడానికి బేరింగు పైభాగాన ఒక రంధ్రం చేశాడు. షాఫ్టు తిరగగానే నూనె లోపలికి పోవడానికి బదులు ఆ రంధ్రం గుండా పైకి పొంగింది. బిరడా బిగిస్తే బిరడాను నెట్టివేసింది. చివరకు అక్కడ గేజిని అమర్చగా, చదరపు అంగుళానికి 200 పౌండ్ల వరకు కొలవగల ఆ గేజి హద్దును కూడ పీడనం దాటిపోయింది. బేరింగు మీద మోపిన సగటు భారం 100 పౌండ్లు మాత్రమే! ఆ నూనెను ఏ పంపూ తోయలేదు. తిరిగే షాఫ్టు తానే నూనెను తన వెంట ఇరుకు సందులోకి ఈడ్చుకొనిపోయి, అక్కడ నొక్కి, ఆ పీడనాన్ని సృష్టించింది. ఈ రహస్యానికి 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గణిత సిద్ధాంతాన్ని సమకూర్చాడు.

మరి పంపు పని ఏమిటి? షాఫ్టు ఈడ్చుకొనిపోవడానికి కావలసిన నూనెను ఎప్పటికప్పుడు అందించడం, వేడిని మోసుకొనిపోవడం. పొలానికి నీరు ఎక్కించే పని మొక్కలదే అయినా, కాలువలో నీరు ఉండాలి కదా! గేజి చూపేది ఆ కాలువ మట్టం మాత్రమే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తక్కిన పాఠమంతా సులభమవుతుంది.

అన్ని పాత కార్లలోను ఈ ఏర్పాటు లేదు. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్-టి కారులో నూనె పంపూ లేదు, గేజీ లేదు. తిరిగే ఫ్లైవీలు నూనెను ఎగజిమ్మితే, అది ఒక గొట్టం గుండా ముందుకు పారేది. 1940ల నాటి షెవ్రొలె ఆరు సిలిండర్ల ఇంజన్లలో పంపు ఉన్నా, కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు నూనెను చిమ్మి అందించే పద్ధతి కొనసాగింది. అటువంటి ఇంజన్లో గేజి సుమారు 15 పౌండ్లు చూపడం సహజం. ఆ తరువాతి తరం ఇంజన్లకు అలవాటుపడిన కన్ను దానిని చూసి కంగారు పడుతుంది. ఏ ఇంజన్‌కు ఏది సహజమో ఆ కారు తయారీదారు పుస్తకమే చెప్పాలి.

పీడనానికి మూడు మూలాలు

నూనె పంపులో రెండు పండ్ల చక్రాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని తిరుగుతూ, అడుగున ఉండే తొట్టి నుండి నూనెను తోడుతాయి. ఈ తొట్టినే మెకానిక్కులు ఛాంబరు అంటారు. పంపు ఉత్పత్తి చేసేది ప్రవాహాన్ని గాని పీడనాన్ని కాదు. ఆ ప్రవాహానికి బేరింగుల సందులు అడ్డుపడటం వలన పీడనం పుడుతుంది. తోటలో నీరు పట్టేటప్పుడు గొట్టం కొసను బొటనవ్రేలితో నొక్కితే నీరు ఎంత దూరం చిమ్ముతుందో అందరూ చూసినదే. వ్రేలు తీసివేస్తే అంత నీరే వస్తుంది, కాని పీడనం ఉండదు.

ఈ లెక్కన పీడనాన్ని నిర్ణయించేవి మూడు: ఇంజన్ వేగం, నూనె స్నిగ్ధత అనగా చిక్కదనం, బేరింగుల సందు. వేగం పెరిగితే పంపు ఎక్కువ నూనెను తోస్తుంది; పీడనం పెరుగుతుంది. నూనె చిక్కగా ఉంటే సందులో నుండి కష్టంగా జారుతుంది, పీడనం పెరుగుతుంది. సందు పెరిగితే మాత్రం పీడనం తగ్గుతుంది. అది కూడ మామూలుగా కాదు. సందు గుండా జారిపోయే నూనె ఆ సందు యొక్క ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. సందు 0.050 నుండి 0.060 మిల్లీమీటర్లకు పెరిగిందనుకుందాం. పెరుగుదల ఐదవ వంతే. కాని 1.2ను మూడుసార్లు హెచ్చవేస్తే సుమారు 1.73 వస్తుంది. అంటే కంటికి కనిపించని అరుగుదలకు నూనె కారుడు 73 శాతం పెరుగుతుంది. గేజి ఇంత సున్నితమైన సాక్షి కావడానికి కారణం ఇదే.

పీడనం హద్దు మీరకుండా రిలీఫ్ వాల్వు అనే చిన్న తలుపు ఒకటి ఉంటుంది. చెరువుకు కలుజు ఎటువంటిదో ఇంజన్‌కు ఇది అటువంటిది. నిర్ణీత పీడనం దాటగానే స్ప్రింగు నొక్కుకొని, తలుపు తెరుచుకొని, ఎక్కువైన నూనె తిరిగి ఛాంబరులోకో, పంపు ముఖద్వారానికో చేరుతుంది.

కువైట్ వేసవి, నూనె చిక్కదనం

నూనె డబ్బా మీద 20డబ్ల్యు-50 అని కనిపిస్తుంది. డబ్ల్యు అనే అక్షరం శీతకాలానికి గుర్తు. దాని ముందున్న అంకె చలిలో నూనె ప్రవర్తనను, తరువాతి అంకె 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనాన్ని సూచిస్తాయి. ప్రమాణాల ప్రకారం 100 డిగ్రీల వద్ద 50వ తరగతి నూనె చిక్కదనం 16.3 నుండి 21.9 సెంటీస్టోకుల లోపు, 40వ తరగతిది 12.5 నుండి 16.3 లోపు, 30వ తరగతిది 9.3 నుండి 12.5 లోపు ఉండాలి. నేటి కొత్త కార్లలో వాడే 20వ తరగతి నూనె 6.9 నుండి 9.3 లోపు మాత్రమే ఉంటుంది.

ఒకే 20డబ్ల్యు-50 నూనె వేడినిబట్టి ఎంతగా మారుతుందో గమనించాలి. జనవరి ఉదయం 10 డిగ్రీల చలిలో దాని చిక్కదనం సుమారు 1,000 సెంటీస్టోకులు. జులై మధ్యాహ్నం 50 డిగ్రీల ఎండలో, ఇంజన్ ఇంకా స్టార్టు చేయకముందే, అది సుమారు 100కు దిగుతుంది. ఇంజన్ వేడెక్కి నూనె 100 డిగ్రీలకు చేరితే 18. 120 డిగ్రీలకు చేరితే 11 మాత్రమే. కువైట్‌లోని మిత్రిబా అనే చోట 2016 జులై 21న 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయింది. అటువంటి వాతావరణంలో ఏ.సి. వేసుకొని ట్రాఫిక్‌లో నిలిచిన కారులో రేడియేటరుకు తగిలే గాలే వేడిగా ఉంటుంది. నూనె చల్లబడే దారి తక్కువ.

కావున జనవరిలో కారు స్టార్టు చేయగానే ముల్లు 60 పౌండ్లకు ఎగబాకి, జులైలో అదే కారు అంతకంటె తక్కువ చూపితే ఆశ్చర్యపడనక్కరలేదు. అది వ్యాధి కాదు; ఋతుధర్మం.

గేజి రకాలు, కొలమానాలు

గేజిలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మొదటిది యాంత్రిక గేజి. 1849లో ఫ్రాన్సు దేశస్థుడైన యూజీన్ బూర్డన్ పేటెంటు పొందిన గొట్టం ఇందులో ఉంటుంది. నొక్కినట్లు చదునుగా ఉండి, కొడవలిలా వంగిన లోహపు గొట్టంలోకి పీడనం చేరితే అది కొద్దిగా నిటారు కావడానికి ప్రయత్నిస్తుంది. ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. ఇంజన్ నుండి డ్యాష్‌బోర్డు దాకా సన్నని గొట్టంలో నూనె వస్తుంది. రెండవది విద్యుత్ గేజి. ఇంజన్‌కు బిగించిన సెండరు అనే పరికరం పీడనాన్నిబట్టి విద్యుత్ నిరోధాన్ని మారుస్తుంది. తీగె తెగినా, సెండరు పాడైనా, ఎర్త్ సరిగా లేకపోయినా ముల్లు అబద్ధం చెబుతుంది.

మూడవది గేజి కాదు, ఎర్ర దీపం. పీడనం సుమారు 4 నుండి 7 పౌండ్లకు పడిపోయినప్పుడు మాత్రమే వెలిగే దీపాలు ఎక్కువ. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజన్‌లో 10 పౌండ్ల పీడనం ప్రమాదకరమే అయినా ఆ దీపం వెలగదు. దీపం లేనందున క్షేమమని భావించరాదు. వెలిగితే మాత్రం తక్షణ ప్రమాదమని గ్రహించాలి.

కొలమానాలలోను జాగ్రత్త అవసరం. అమెరికా, బ్రిటన్ కార్లలో చదరపు అంగుళానికి పౌండ్లు, జర్మనీ కార్లలో బార్ ప్రమాణం కనిపిస్తాయి. 1 బార్ అంటే 14.5 పౌండ్లు. కొన్ని గేజిలలో చదరపు సెంటీమీటరుకు కిలోగ్రాములు ఉంటాయి. 1 కిలోగ్రాము 14.2 పౌండ్లకు సమానం. పాత మెర్సిడెస్ గేజి 3 అంకె వద్ద ఆగిపోతే, అది 3 పౌండ్లు కాదు, సుమారు 44 పౌండ్లు.

ముల్లును ఎప్పుడు, ఎలా చదవాలి?

రోగి నాడిని ఒక్కసారి చూసి వైద్యుడు నిర్ణయానికి రాడు. అలాగే ముల్లును నాలుగు సమయాలలో చదవాలి.

మొదటిది, స్టార్టు చేసిన వెంటనే. కొద్ది సెకన్లలో ముల్లు పైకి లేవాలి. లేవకపోతే ఇంజన్‌ను వేగంగా తిప్పి చూడటం పెద్ద పొరపాటు, వెంటనే ఆపివేయాలి.

రెండవది, చల్లని ఇంజన్ నడిచేటప్పుడు. ఇక్కడ ముల్లు రిలీఫ్ వాల్వు హద్దు దగ్గర నిలుస్తుంది. పీడనం ఎక్కువ కనుక ఇంజన్ భద్రంగా ఉన్నదని అనుకోవడం తప్పు. నూనె చిక్కగా ఉన్నందున చాలా భాగం వాల్వు గుండా వెనుకకు పోతూ ఉంటుంది. బేరింగులకు చేరేది తక్కువ. తూము మూసిన కాలువలో నీటి మట్టం ఎత్తుగానే కనిపిస్తుంది, కాని దిగువ పొలం తడవదు. ఈ సమయంలో నెమ్మదిగా నడపడమే మేలు.

మూడవది, ఇంజన్ పూర్తిగా వేడెక్కి రహదారి మీద సమవేగంతో వెళ్ళేటప్పుడు. నాల్గవది, అదే వేడిలో కారును నిలిపి ఇంజన్‌ను మందంగా తిరగనిచ్చినప్పుడు. అన్నింటిలోను ఇదే ముఖ్యమైనది. అప్పుడు పంపు నెమ్మదిగా తిరుగుతుంది, నూనె పలుచగా ఉంటుంది, రిలీఫ్ వాల్వు మూసి ఉంటుంది. బేరింగుల అసలు స్థితిని దాచే తెర ఏదీ మిగలదు.

తెలుగువారికి చిరపరిచితమైన అంబాసిడర్‌లో చాలా కాలం ఉన్న 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజన్, బ్రిటన్‌కు చెందిన బి.యం.సి. 'బి' శ్రేణికి చెందినది. ఆ శ్రేణిలోనే పెద్దదైన 1,798 ఘన సెంటీమీటర్ల ఇంజన్ యం.జి.బి. అనే స్పోర్ట్స్ కారులో ఉండేది. దానికి తయారీదారు చెప్పిన లెక్క: నడిచేటప్పుడు 50 నుండి 80 పౌండ్లు, మంద గమనంలో 10 నుండి 25 పౌండ్లు. అంటే నిలిచిన కారులో ముల్లు 15కు దిగడం ఆ ఇంజన్‌కు జబ్బు కాదు. అమెరికా వి-8 ఇంజన్ల విషయంలో ప్రతి 1,000 చుట్లకు 10 పౌండ్లు ఉండాలనే నానుడి గ్యారేజీలలో వినిపిస్తుంది. అది మోటు కొలత మాత్రమే. తయారీదారు పుస్తకంలోని అంకె ముందు దానికి ప్రమాణం లేదు.

ఒక ఉదాహరణ

ఒక డ్రైవరు సంరక్షణలో ఒక పాత కారు ఉన్నదనుకుందాం. జనవరిలో, ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత మంద గమనంలో గేజి 12 పౌండ్లు చూపింది. జులైలో అదే స్థితిలో 7 పౌండ్లు చూపింది. రహదారి మీద మాత్రం రెండు ఋతువులలోను 50 పౌండ్లకు తగ్గలేదు. గ్యారేజీలో ఒకరు ఇంజన్ విప్పాలన్నారు, మరొకరు ఇంకా చిక్కని నూనె పోయమన్నారు, వేరొకరు రిలీఫ్ వాల్వు స్ప్రింగును బిగించమన్నారు. ఎవరి మాట వినాలి?

మొదట లెక్క చూడాలి. నూనె 100 డిగ్రీల నుండి 120 డిగ్రీలకు చేరితే చిక్కదనం 18 నుండి 11కు తగ్గుతుంది. 12 పౌండ్లను అదే నిష్పత్తిలో తగ్గిస్తే సుమారు 7 వస్తుంది. అంటే కేవలం ఎండ వలననే ఈ తగ్గుదల రావచ్చు. కాని, సందు ఐదవ వంతు అరిగినా 12ను 1.73తో భాగిస్తే వచ్చేది దాదాపు 7 మాత్రమే. రెండు వేర్వేరు కారణాలు ఒకే అంకెను ఇస్తున్నాయి. గేజిని ఒక్కసారి చూసి తీర్పు చెప్పడం ఎందుకు తగదో ఇక్కడే తెలుస్తుంది.

వేరు చేసే మార్గం ఓర్పుతో కూడినది. ఎండ తగ్గిన తరువాత, అదే రకం నూనెతో, అంతే ప్రయాణం చేసి, అదే వేగంతో ఇంజన్‌ను తిరగనిచ్చి మళ్ళీ చదవాలి. ముల్లు 12కు తిరిగి వస్తే కారణం వేడి. 7 దగ్గరే నిలిచిపోతే, కారణం నూనె నాసిరకమైనా కావాలి, ఇంజన్ అరిగినదైనా కావాలి. రహదారి మీద 50 పౌండ్లు ఉన్నదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. వేగంలో పంపు మిగులు ప్రవాహం అరుగుదలను కప్పిపుచ్చుతుంది.

ఇక స్ప్రింగు సలహా. వేడి ఇంజన్ మందంగా తిరిగేటప్పుడు రిలీఫ్ వాల్వు మూసే ఉంటుంది. మూసిన తలుపును ఇంకా గట్టిగా మూస్తే ఒరిగేది ఏమీ లేదు. మారేది చల్లని ఇంజన్‌లోని గరిష్ఠ పీడనం మాత్రమే. దాని వలన పంపుకు, ఫిల్టరుకు అనవసర భారం కలుగుతుంది. చిక్కని నూనె సలహాలో కొంత న్యాయం ఉన్నది. తయారీదారు పుస్తకంలో వేడి దేశాలకు చెప్పిన తరగతి వరకు వెళ్ళవచ్చు. దానిని మించితే ముల్లు పైకి లేస్తుంది గాని అరిగిన బేరింగు నయం కాదు. పైగా జనవరి ఉదయం ఆ నూనె బేరింగులకు ఆలస్యంగా చేరుతుంది. జ్వరమానినిని చల్లని నీటిలో ముంచితే అంకె తగ్గుతుంది, జ్వరం తగ్గదు.

లక్షణాలు, కారణాలు

మలుపులలోను, బ్రేకు వేసినప్పుడు ముల్లు ఒక్కసారిగా పడి మళ్ళీ లేస్తుంటే ఛాంబరులో నూనె తక్కువగా ఉన్నదని అర్థం. నూనె ఒక ప్రక్కకు ఒరిగి, పంపు గాలిని పీల్చుతున్నది. డిప్ స్టిక్కు చూసి నింపితే చాలు.

వారాల వ్యవధిలో ముల్లు తగ్గుతూ, డిప్ స్టిక్కు మీద నూనె మట్టం మాత్రం పెరుగుతుంటే సంతోషించరాదు. నూనెలో పెట్రోలు గాని నీరు గాని కలుస్తున్నది. పాత కార్లలో ఇంజన్‌కు బిగించిన పెట్రోలు పంపు లోపలి పొర చిరిగితే పెట్రోలు నేరుగా ఛాంబరులోకి కారుతుంది. నూనెను వాసన చూస్తే తెలుస్తుంది. నీరు కలిస్తే నూనె పాలు పోసిన కాఫీ రంగులోకి మారుతుంది. రెండింటిలో ఏది జరిగినా కారణాన్ని సరిచేసి, నూనె మార్చేవరకు కారు నడపరాదు.

అన్ని వేగాలలోను పీడనం ఒక్కసారిగా తక్కువైతే రిలీఫ్ వాల్వులో చెత్త ఇరుక్కొని తెరుచుకొనిపోయి ఉండవచ్చు, లేదా పంపు ముఖద్వారం జల్లెడకు మడ్డి పట్టి ఉండవచ్చు. ఏళ్ళ తరబడి నిలిపి ఉంచిన కారును తిరిగి నడిపినప్పుడు ఈ రెండవది సాధారణం. పీడనం మామూలు కంటె బాగా ఎక్కువైతే వాల్వు మూసుకొనిపోయి ఉండవచ్చు, లేదా నూనె మార్గంలో అడ్డంకి ఏర్పడి ఉండవచ్చు.

ఏళ్ళ మీద నెమ్మదిగా తగ్గేది అరుగుదల. కువైట్‌లో దీనికి దోహదం చేసేది దుమ్ము. షమాల్ గాలితో లేచే సన్నని ఇసుక, ఎయిర్ ఫిల్టరు సరిగా బిగించకపోయినా, చిరిగినా, ఇంజన్‌లోకి చేరుతుంది. నూనెలో కలిసిన ఆ ఇసుక సానరాయి వలె బేరింగులను అరగదీస్తుంది. దుమ్ము తుపాను తరువాత ఎయిర్ ఫిల్టరును చూడటం నూనె పీడనానికి చేసే సేవే.

ముల్లు పడిపోతే ఏమి చేయాలి?

సాల్మీ రహదారి మీద, చుట్టూ ఎడారి, వెనుక సీటులో యజమాని కుటుంబం. ముల్లు అకస్మాత్తుగా సున్నకు పడింది. ఇంకా పది కిలోమీటర్లు వెళితే పెట్రోలు బంకు వస్తుందని మనసు చెబుతుంది. వినరాదు. నిమిషానికి 3,000 చుట్ల వేగంతో, ఒక్క నిమిషం నడిపినా షాఫ్టు 3,000 సార్లు తిరుగుతుంది. పది కిలోమీటర్లకు ఎన్ని వేల సార్లో లెక్కించవచ్చు. యాక్సిలరేటరు వదిలి, గేరు న్యూట్రల్ చేసి, కారు ఊపుతోనే రోడ్డు ప్రక్క భద్రమైన చోటికి చేర్చి, ఇంజన్ ఆపాలి. పవర్ స్టీరింగు, పవర్ బ్రేకు ఉన్న బరువైన కార్లలో ఇంజన్ ఆగితే స్టీరింగు, బ్రేకు బిగుసుకుంటాయి కనుక, కారు దాదాపు నిలిచిన తరువాతనే తాళంచెవి త్రిప్పాలి.

వేసవి అయితే మొదట మనుషులకు నీడ, నీరు చూడాలి. తరువాత కొద్ది నిమిషాలు ఆగి డిప్ స్టిక్కు చూడాలి. కారు క్రింద నూనె మడుగు ఉన్నదేమో గమనించాలి. నూనె సరిగా ఉండి, కారుడు లేకపోయినా, ముల్లు అబద్ధం చెప్పిందని తనకు తానే తీర్పు చెప్పుకొని బయలుదేరరాదు. సెండరు విప్పి, ఆ చోట నమ్మకమైన యాంత్రిక గేజిని బిగించి చూసినప్పుడే నిజం తెలుస్తుంది. అంతవరకు కారును మరొక వాహనం మీద ఎక్కించి తరలించడమే క్షేమం. తరలింపు ఖర్చు ఎంత అయినా, దొరకని విడిభాగాలను వెదికి, క్రాంక్ షాఫ్టును లేత్ మీద పట్టించి, కొత్త బేరింగులు వేయించే ఖర్చు ముందు అది స్వల్పం.

ఆపినందుకు యజమాని విసుక్కోవచ్చు. ఆపనందుకు ఇంజన్ పోతే ఆ విసుగు అంతటితో ఆగదు. అటువంటి సమయంలో డ్రైవరు పక్షాన మాట్లాడగలిగేది ఒక చిన్న నోటుపుస్తకం. నెలకు ఒకసారి తేదీ, కిలోమీటర్లు, నూనె రకం, చల్లని ఇంజన్ పీడనం, రహదారి మీది పీడనం, వేడి ఇంజన్ మంద గమనంలో పీడనం వ్రాసి ఉంచితే, ఏడాది తిరిగేసరికి అది కారుకు జాతకం అవుతుంది. తగ్గుదల ఎప్పుడు మొదలయిందో, ఎవరు ఏ నూనె పోశారో అందులో కనిపిస్తుంది. కారు ఎప్పటి నుండి అరుగుతున్నదో, తాళంచెవి ఎప్పుడు చేతికి వచ్చిందో ప్రక్క ప్రక్కన ఉంటే, నింద ఎవరిదో తేల్చడం కష్టం కాదు.

ఎద్దుల బండి ఇరుసు నాడు గట్టిగా అరచి కందెన అడిగేది. పాత కారు అరవదు. ముల్లును కొద్దిగా క్రిందికి దించి ఊరుకుంటుంది. ఆ సైగను గుర్తించే కన్ను ఉన్నంత కాలం, ముప్ఫై నలభై ఏళ్ళు దాటిన ఇంజన్ కూడ ఈ ఎడారి ఎండలో నిశ్శబ్దంగా తన పని తాను చేసుకొనిపోతుంది.